పెంటాంగిల్ "బాస్కెట్ ఆఫ్ లైట్" (1969): విన్నవాళ్లూ వినబోయేవాళ్లూ రండి

గోదారిగట్టు (రాజమండ్రి)

వారం రోజులుగా మా ఇంట్లో వేరే పాట మోగలేదు. మా పెద్దమ్మగారబ్బాయి ఇల్లు మారుతూ తన ఎల్పీలన్నీ నాకిచ్చేశాడు. వాటిలో దొరికింది ఇది. లండన్ బృందం పెంటాంగిల్ 1969లో తెచ్చిన మూడో ఆల్బమ్. ఇందులో వాయించిన వాద్యాలన్నీ అకూస్టిక్ అని అట్ట మీద ప్రత్యేకంగా అచ్చు వేశారు. ఆ మాట ఎందుకు వేయాల్సొచ్చిందో మొదటి పాట అయ్యేసరికి తెలిసిపోయింది. కరెంటు సాయం లేకుండా ఇంత ఊపు వస్తుందంటే నమ్మడం కష్టం.

మనుషులు ఐదుగురు. బెర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ గిటార్లు. జాన్ష్ బాంజో, రెన్‌బోర్న్ సితార్ కూడా పట్టుకుంటారు. జాకీ మక్‌షీ పాడుతుంది. డానీ థాంప్సన్ డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం. టెరీ కాక్స్ డ్రమ్స్, గ్లాకెన్‌స్పీల్ (లోహపు పలకల మీద కొట్టి మోగించే వాద్యం). మొత్తం తొమ్మిది పాటలు. కొన్ని ఎప్పటివో తెలియని పాత జానపదాలు, కొన్ని వీళ్లు కట్టుకున్నవి, ఒకటి మాత్రం 1963లో న్యూయార్క్ అమ్మాయిల బృందం జేనెట్స్ పాడిన పాప్ పాట "సాలీ గో రౌండ్ ద రోజెస్".

జానపదంలో జాజ్, బ్లూస్ కలిపిన రికార్డులు చాలానే విన్నాను. చాలావాటిలో అతుకు కనబడిపోతుంది. కాసేపు జానపదం, మధ్యలో ఒక జాజ్ ముక్క, మళ్లీ జానపదం. ఇందులో ఎంత వెతికినా నాకు అతుకు దొరకడం లేదు. ఎక్కడ దాచారంటారు?

రికార్డులపెట్టె (విశాఖపట్నం)

దాచలేదండీ, అసలు అతుకే వేయలేదు. వీళ్లెక్కడి నుంచి వచ్చారో చూడండి. డానీ థాంప్సన్, టెరీ కాక్స్ ఇద్దరూ అలెక్సిస్ కోర్నర్ దగ్గర వాయించినవాళ్లు. లండన్‌లో బ్లూస్‌కి కాళ్లొచ్చిందే కోర్నర్ చుట్టూ. జాన్ష్, రెన్‌బోర్న్ సోహోలోని ఫోక్ క్లబ్బుల్లో తిరిగినవాళ్లు. గ్రీక్ స్ట్రీట్‌లో లే కజిన్స్ అనే నేలమాళిగ క్లబ్బు వాళ్ల బడి. ఇద్దరూ కలిసి 1966లో చేసిన రికార్డులో అమెరికా జాజ్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ బాణీ ఒకటి వాయించారు. అంటే బృందం పుట్టక ముందే ఆ జానపద గిటారిస్టులకు జాజ్ తెలుసు. ఈ జాజ్ వాళ్లకు పాటను మోయడం తెలుసు. జాకీ మక్‌షీ కూడా ఫోక్ క్లబ్బుల్లో పాడుతూ వచ్చిందే.

1967లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని హార్స్‌షూ హోటల్లో వారం వారం కచేరీలు పెట్టారు. జనం ముందే వాయించుకుంటూ ఒకరికొకరు అలవాటుపడ్డారు. 1968లో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. రెండోదైన "స్వీట్ చైల్డ్"లో సగం రాయల్ ఫెస్టివల్ హాల్ కచేరీ. అందులోనూ మింగస్ బాణీలున్నాయి. ఆ తర్వాతిదే మన చేతిలో ఉన్నది.

నిర్మాత షెల్ టాల్మీ సంగతి కూడా చెప్పాలి. కింక్స్, ద హూ బృందాల తొలి రోజుల్లో ఎలక్ట్రిక్ గిటార్లతో గోడలదిరేలా రికార్డులు చేయించిన మనిషి. ఆయనే ఇక్కడ ఒక్కో తీగ మీద వేలు రాసుకునే చప్పుడు కూడా వినబడేట్టు చేశాడు. బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో ఇది 5వ స్థానం దాకా వెళ్లింది. శవం పక్కన పాడే పాట ఉన్న రికార్డు 5వ స్థానానికి ఎక్కిందంటే ఆ కాలపు శ్రోతలకు దండం పెట్టాలి.

తనియావర్తనం (వరంగల్)

నేను మృదంగం నేర్పిస్త. మొదటి పాట "లైట్ ఫ్లైట్" గురించే మాట్లాడత, ఎందుకంటే రెండు రోజులు నన్ను నిద్ర పోనియ్యలే.

పాట షురూ కాంగనే చెయ్యి తొడ మీదికి పోయింది. ఆదితాళం వేసిన, తప్పింది. మిశ్రచాపు వేసిన, ఒక్కసారి కలిసి మళ్ల తప్పింది. అప్పుడు కూర్చొని అక్షరాలు లెక్కపెట్టిన. ఒకసారి ఐదు, ఒకసారి ఏడు. తకతకిట, తకిటతకధిమి. ఖండం, మిశ్రం పక్కపక్కన నడుస్తున్నయ్. నడుమ ఒక భాగం వస్తది, అక్కడ ఆరు నిదానపు దెబ్బలు, వాళ్ల లెక్కల ఆరు బై నాలుగు.

ఇంక అసలు సంగతి వినుండ్రి. ఐదు, ఏడు కలిపితే పన్నెండు. ఆరు దెబ్బలను సగం సగం చేస్తే అవీ పన్నెండే. రెండు చోట్లా లెక్క ఒక్కటే, కోత వేరు. మన దగ్గర తనిలో, అంటే కచేరిల మృదంగం ఒక్కటే వాయించే వంతుల, ఇట్లనే చేస్తం కదా, ఆవర్తనం మారకుండ లోపటి నడక మారుస్తం. ఇది వాళ్లు మన దగ్గర నేర్చుకున్నరని నేను అనడం లేదు. బ్రూబెక్ బృందం 1959లోనే ఐదు దెబ్బల జాజ్‌ను ఇంటింటికీ తీసుకపోయింది. లండన్ జాజ్ వాళ్లకు బేసి లెక్క కొత్త కాదు. గని వినేటోనికి లెక్క తెలవకుండ నడిపించిన తీరు చూడుండ్రి. జాకీ గొంతు ఆ కుంటి నడక మీద చెరువు నీళ్ల మీద ఆకు లెక్క తేలుతది. అసలు గొప్పతనం గదీ.

టెరీ కాక్స్ ఎక్కడా గట్టిగ కొట్టడు. సగం పాటల్ల పుల్లల కంటే చేతివేళ్లే గుర్తుకొస్తయ్.

రికార్డులపెట్టె

తనియావర్తనం గారూ, ఈ పాట బీబీసీ ధారావాహిక "టేక్ త్రీ గర్ల్స్"కి ముందుపాట. లండన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండే ముగ్గురమ్మాయిల కథ, 1969 నవంబరులో మొదలైంది. బీబీసీ రంగుల్లో తీసిన తొలి నాటక ధారావాహిక అదే. టీవీ ముందు కూర్చున్న ఇల్లాళ్లూ పిల్లలూ వారం వారం మీ ఖండ మిశ్రాల్ని కూనిరాగం తీశారన్నమాట.

పల్లెపదం (అనంతపురం)

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా అభ్యంతరం కూడా ఉండనీయండి. ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరిగి పాటలు రాసుకుంటున్నా. బిరుదురాజు రామరాజు గారి తరం వాళ్లు వేసిన దారి వెంట నడిచేవాళ్లలో నేనొకణ్ణి. నాట్లేసే ఆడమనిషి పాట, రోకటి పాట, తిరగలి పాట, వీటికి తాళం ఎక్కడుంది? పనిలో ఉంది. వంగి లేచే నడుములో ఉంది. దాన్ని తీసుకొచ్చి స్టూడియోలో డ్రమ్ముల పక్కన కూర్చోబెడితే పని పోతుంది, పాట మాత్రం మిగులుతుంది. అది అందంగా ఉండొచ్చు. జానపదం అనడానికి నాకు నోరు రాదు.

సితార్ సంగతి సరేసరి. ఆ రోజుల్లో లండన్‌లో ప్రతి బృందమూ సితార్ పట్టుకుంది. అగరొత్తులు వెలిగించినట్టు అదొక మోజు. "వన్స్ ఐ హ్యాడ్ ఎ స్వీట్‌హార్ట్" అనే పాట, ప్రియుడు దూరమైన పిల్ల పాడుకునే ఇంగ్లిష్ పాట. దానికి సితార్‌తో ఏం సంబంధం?

ఆరుతీగలు (హైదరాబాద్)

పల్లెపదం అన్నా, మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి గిటార్ వైపు నుంచి జవాబు చెప్పనివ్వండి. గోదారిగట్టు గారి అతుకు ప్రశ్నకి కూడా ఇందులోనే జవాబుందనుకుంటున్నా.

ఇంగ్లిష్ పాత పాటల్లో చాలావాటికి కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, ఉండవు. ఒకే గొంతు, ఒక స్వరాల వరుస. వాటిలో ఎక్కువగా తగిలే ఒక వరుసను వాళ్లు డోరియన్ అంటారు. మనకది ఖరహరప్రియ స్వరాలే. పాట ఆ స్వరాల్లోనే తిరిగి షడ్జం దగ్గరికి వస్తుంది, మన పదాల్లాగే. ఇక జాజ్ వైపు చూడండి. 1959లో మైల్స్ డేవిస్ "కైండ్ ఆఫ్ బ్లూ" చేశాడు. అంతకుముందు జాజ్‌లో కార్డ్స్ గబగబా మారిపోతుంటే వాటి వెంట పరిగెత్తేవాళ్లు. ఆయన ఆ పరుగు ఆపి, ఒకే స్వరాల వరుస మీద నిలబడి ఊహ పెంచుకోండి అన్నాడు. ఆ రికార్డులో మొదటి పాట నిలబడింది కూడా డోరియన్ మీదే. అంటే యార్క్‌షైర్ ముసలమ్మ పాటా, న్యూయార్క్ ట్రంపెటూ ఒకే గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాయి. పెంటాంగిల్ వాళ్లు చేసిందల్లా తలుపు తీయడం.

బ్లూస్ సంగతి వేరే చెప్పాలి. బ్లూస్ గాంధారం మన సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారమూ కాదు, రెంటికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. పియానోలో ఆ చోటు లేదు. గిటార్ మీద తీగను పక్కకి లాగితేనే దొరుకుతుంది. జాన్ష్ అది బ్రౌనీ మగ్గీ, బిగ్ బిల్ బ్రూన్జీల వాద్యం నుంచి పట్టుకున్నాడు. ఎడిన్‌బరోలో కుర్రాడిగా ఉన్నప్పుడే మగ్గీ వేళ్లను దగ్గర్నుంచి చూశాడు. తర్వాత ఇంగ్లిష్ జానపదం పాడుతున్నప్పుడు కూడా ఆ లాగుడు మానలేదు. మన గమకం వినే చెవికి అది సులువుగా ఎక్కుతుంది. స్వరాన్ని నిలబెట్టకుండా ఊపడం మనకు పుట్టుకతో ఉన్నదే కదా.

ఈ దారి తొక్కిన తొలి మనిషి డేవీ గ్రేయమ్. 1960ల మొదట్లో "ఆంజీ" అనే గిటార్ ముక్క వాయించాడు. లండన్ కుర్రాళ్లంతా దాన్ని సాధన చేసి వేళ్లు కాయలు కాయించుకున్నారు. జాన్ష్ తన 1965 నాటి తొలి ఆల్బమ్‌లో దాన్ని వాయించాడు. మొరాకో తిరిగొచ్చిన గ్రేయమ్ గిటార్‌ని కొత్త శ్రుతిలో బిగించి, ఆధార శ్రుతి ఎప్పుడూ మోగుతూ ఉండేట్టు చేశాడు. తంబూరా వినే మనకు ఆ శబ్దం పరాయిగా అనిపించదు.

ఇద్దరు గిటారిస్టుల్నీ విడిగా గుర్తుపట్టడం నేర్చుకోండి. జాన్ష్ తీగను మీటడు, పీకుతాడు. మొరటుగా ఉంటుంది, ఒక్కోసారి తీగ ఫ్రెట్టుకి తగిలి టప్పుమంటుంది. రెన్‌బోర్న్ చెయ్యి మెత్తన, వరుస శుభ్రం. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది కానీ ఒకరి మాట ఒకరు తుంచరు.

కొత్తచెవి (గుంటూరు)

నమస్కారమండీ. నేను నిన్ననే మొదటిసారి విన్నాను. ఇంగ్లిష్ పాటలు పెద్దగా తెలియవు. ఆ అమ్మాయి గొంతు నాకు చాలా నచ్చింది. మా అమ్మమ్మ మంగళహారతి పాడితే ఇలాగే ఉండేది, వణుకు లేకుండా, ఎవరినీ మెప్పించాలని లేకుండా. అయితే మూడో పాట "స్ప్రింగ్‌టైమ్ ప్రామిసెస్" నాకు ఎక్కలేదు. అలా అనొచ్చా?

ఆరుతీగలు

నిక్షేపంగా అనొచ్చమ్మా. జాన్ష్ పాట, ఆయనే పాడాడు. రెండు బరువైన పాటల మధ్య ఊపిరి తీసుకోవడానికి పెట్టినట్టుంటుంది. నాకూ అది ఈ రికార్డులో తేలికపాటిదే. ఆ గొంతు గురించి మీరన్న మాట మాత్రం నేను రాసిపెట్టుకున్నాను.

లీడ్స్‌లలిత (లీడ్స్)

నాలుగో పాట గురించి ఇంకా ఎవరూ రాయలేదు. నేను రాస్తాను. పదకొండేళ్లుగా యార్క్‌షైర్‌లో ఉంటున్నాను, అది ఈ నేల మీద పుట్టిన పాట.

"లైక్ వేక్ డర్జ్." ఇక్కడి పాత మాటలో లైక్ అంటే శవం, వేక్ అంటే జాగారం. శవజాగారం పాట. జాన్ ఆబ్రీ అనే ఆయన 1686లో రాసిపెట్టుకున్నాడు, 1802లో వాల్టర్ స్కాట్ అచ్చు వేశాడు. పాడింది అంతకన్నా ఎప్పటి నుంచో. చనిపోయిన మనిషిని ఇంట్లో పడుకోబెట్టి, రాత్రంతా దీపం పెట్టి, పక్కన కూర్చుని ఆ జీవుడికి దారి చెబుతూ పాడేవాళ్లు.

దారి ఎలా ఉంటుందంటే, ముందు విన్నీ మ్యూర్ అనే ముళ్ల బీడు వస్తుంది. నువ్వు బతికున్నప్పుడు ఎవరికైనా మేజోళ్లూ చెప్పులూ ఇచ్చి ఉంటే, అక్కడ కూర్చుని అవి తొడుక్కో. ఇవ్వకపోయి ఉంటే ఆ ముళ్లు ఎముక దాకా దిగుతాయి. ఆ బీడు దాటితే భయాల వంతెన. అదీ దాటితే నిప్పు. నువ్వు ఎవరికైనా అన్నం, నీళ్లు ఇచ్చి ఉంటే ఆ నిప్పు నిన్ను ముట్టుకోదు. ఇవ్వకపోతే కాలుస్తుంది. ప్రతి చరణం చివరా ఆ జీవుణ్ణి క్రీస్తు స్వీకరించాలని వేడుకోలు.

ఇక్కడి మూర్లాండ్స్, అంటే బీడు నేలల మీద ఈ పాట పేరుతోనే లైక్ వేక్ వాక్ అని ఒక నడక ఉంది. 1955లో మొదలైంది. ఆస్మదర్లీ దగ్గర బయల్దేరి సముద్రం ఒడ్డున రావెన్స్‌కార్ దాకా దాదాపు 40 మైళ్లు, ఒక్క రోజులో నడవాలి. నేను మొత్తం నడవలేదు, పన్నెండు మైళ్లు నడిచాను. మనుషుల్లేరు, చెట్లు లేవు, గాలీ బురదా తప్ప ఏమీ లేవు. పాటలోని విన్నీ మ్యూర్‌లో విన్ అంటే గోర్స్ పొద, పసుప్పచ్చ పువ్వు, నిండా ముళ్లు. నా మోకాళ్ల మీద గీతలు వారం రోజులున్నాయి. ఆ రాత్రి గదికి వచ్చి ఈ పాట పెట్టుకున్నాను.

పెంటాంగిల్ వాళ్లు దీనికి ఏమీ చేర్చలేదు. అది గమనించండి. మిగతా అన్ని పాటల్లో అంత విద్య చూపించినవాళ్లు ఇక్కడ చేతులు కట్టుకున్నారు. గుడిలో నలుగురు నిలబడి పాడినట్టు గొంతులు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, వాద్యం వెనక్కి తగ్గిపోతుంది. జాజ్ వాయించే మనిషికి ఎప్పుడు వాయించకూడదో తెలుస్తుందని నాకు ఈ పాట దగ్గరే అర్థమైంది.

గోదారిగట్టు

లలిత గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా నాన్నగారు పోయి మూడేళ్లయింది. పదకొండో రోజున దానాలిచ్చాం. గొడుగు, చెప్పులు, చేతికర్ర, నీళ్ల చెంబు, గోదానం బదులు డబ్బు. బ్రహ్మగారు ఒక్కోటీ ఎందుకో చెప్పారు. పోయిన జీవుడు నడిచే దారిలో ముళ్లుంటాయి, కింద నేల కాలుతుంది, అందుకే పాదరక్షలు. వైతరణి దాటించడానికి ఆవు. అప్పుడు నేను కొత్త చెప్పుల జత కొనడానికి మెయిన్ రోడ్డుకి వెళ్లాను. కొట్టువాడు సైజెంత అని అడిగాడు. నాన్నగారి సైజు ఎనిమిది. దానం పట్టే ఆయన కాలు సైజు ఎంతో నాకు తెలియదు. ఎనిమిదే ఇమ్మన్నాను.

యార్క్‌షైర్ పల్లెటూరివాళ్లకి మన గరుడపురాణం ఎవరూ చదివి వినిపించి ఉండరు. మనకి వాళ్ల పాట ఎవరూ పాడి ఉండరు. అయినా రెండు చోట్లా చనిపోయినవాళ్లకి కావలసింది ఒక చెప్పుల జత. ఈ పాట వారం రోజులుగా వింటున్నాను, మాటలు పట్టించుకోలేదు. ఇప్పుడు మళ్లీ వినాలంటే కొంచెం ధైర్యం కావాలి.

తనియావర్తనం

అన్నా, మా దిక్కు కూడ ఇంట్ల శవముంటే రాత్రంత భజనోళ్లు కూర్చొని తత్వాలు పాడుతరు. మా తాత పోయిన రాత్రి నేను పదేండ్ల పోరన్ని. కంజీర కొట్టెటాయన అలసిపోతే నాకిచ్చిండు. నేను తాళం వేసిన మొదటి కచేరి గదే. తెల్లారెదాకా వేసిన. లలితక్క చెప్పిన శవజాగారం మాట చదువంగనే ఆ కంజీర తోలు వాసన వచ్చింది.

పల్లెపదం

లలితమ్మా, మీరు రాసింది చదివాక నా మొదటి మాట కొంచెం సరిచేసుకుంటున్నా. ఆ పాటకు వాళ్లిచ్చిన మర్యాద నిజమైంది. సితార్ విషయంలో మాత్రం ఇంకా అక్కడే ఉన్నా.

ఆరుతీగలు

అన్నా, అయితే చివరి పాట "హౌస్ కార్పెంటర్" వినండి. తీర్పు ఆ తర్వాత చెప్పండి. ఒక పక్క జాన్ష్ బాంజో, ఇంకో పక్క రెన్‌బోర్న్ సితార్. పాట బ్రిటన్‌లో పుట్టింది. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 19వ శతాబ్దం చివర్లో సంపుటాలుగా తెచ్చిన 305 కథాగేయాల్లో ఇది 243వది. వలసవెళ్లినవాళ్లతో ఓడెక్కి అమెరికా కొండల్లోకి వెళ్లింది. అక్కడ దానికి బాంజో తోడైంది. ఆ బాంజోకి మూలం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో ఉంది. ఇన్ని సముద్రాలు దాటిన పాట లండన్‌కి తిరిగొస్తే, పక్కన ఒక సితార్ కూర్చుంటే తప్పేముంది? పైగా రెన్‌బోర్న్ మన రాగం వాయించినట్టు నటించడు. సితార్‌ని గొంతుకు తోడు వాద్యంలా వాడాడు, పాట వెంట నడిపించాడు. మోజుకి వాడినవాళ్లు అలా వాడరు.

పాలకొల్లోడు (న్యూజెర్సీ)

డబుల్ బేస్ గురించి మాట్లాడకుండా మీరందరూ ఇంత దూరం ఎలా వచ్చారండీ! ఐదో పాట "ట్రైన్ సాంగ్" పెట్టి, మిగతావన్నీ మరిచి బేస్ ఒక్కటే వినండి. పెద్ద లైన్ రైలు వంతెనెక్కినప్పుడు కింద నిలబడితే గుండెలో పుడుతుందే, ఆ మోత. ఆల్బమ్ పేరు కూడా ఈ పాటలోంచే వచ్చింది. ప్రేమను వెలుగుల బుట్ట అంటుంది.

డానీ థాంప్సన్ ఆ బేస్‌కి విక్టోరియా అని పేరు పెట్టుకున్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు 5 పౌండ్లకి కొన్నాడు, జీవితమంతా దానితోనే నడిచాడు. నిక్ డ్రేక్ "ఫైవ్ లీవ్స్ లెఫ్ట్"లో మోగేదీ, జాన్ మార్టిన్ "సాలిడ్ ఎయిర్"లో మోగేదీ అదే. టెరీ కాక్స్ కూడా తక్కువవాడు కాదు. డేవిడ్ బోవీ "స్పేస్ ఆడిటీ"కి డ్రమ్స్ ఆయనే.

ఇంకో సంగతి. పెంటాంగిల్ మొదలవుతున్న రోజుల్లోనే, 1967లో, థాంప్సన్‌కి సొంత జాజ్ త్రయం ఉండేది. అందులో గిటార్ ఎవరనుకున్నారు? జాన్ మెక్‌లాక్లిన్. తర్వాత శక్తి అనే బృందం పెట్టిన ఆయనే. ఆ శక్తి మళ్లీ రిమెంబర్ శక్తిగా లేచినప్పుడు పక్కన మాండలిన్ పట్టుకుని కూర్చున్నది మా ఊళ్లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు. హార్స్‌షూ హోటల్ నుంచి పాలకొల్లుకి మధ్యలో ఉన్నది ఒక్క మనిషే. ఇది తెలిసిన రోజు మా ఆవిడని నిద్ర లేపి చెప్పాను.

కొత్తచెవి

ఇవన్నీ చదివాక మళ్లీ మొదటి నుంచి విన్నాను. ఈసారి "హంటింగ్ సాంగ్" పట్టుకుంది. అది మొదటిసారి పొడుగనిపించి సగంలో ఆపేశాను.

రికార్డులపెట్టె

ఆరున్నర నిమిషాలు దాటుతుంది కదమ్మా, మొదటిసారి అలాగే ఉంటుంది. ఆర్థర్ రాజు కథల్లోని మాయకొమ్ము పాట అది. ఆ కొమ్మే పానపాత్ర, అందులో తాగితే ఎవరు నిజాయితీగా ఉన్నారో బయటపడిపోతుంది. బృందం పేరు కూడా ఆ కథల్లోంచే. సర్ గావెయిన్ డాలు మీది ఐదు కోణాల నక్షత్రం పెంటాంగిల్. వీళ్లు ఐదుగురు. ఆ పాటలో ఎక్కడ మలుపు తిరిగినా గ్లాకెన్‌స్పీల్ చిన్న గంటలా ముందుగా చెబుతుంది. దాన్ని పట్టుకుని వెళ్లండి, దారి తప్పరు.

2001 సీడీ దొరికితే తీసుకోండి. "సాలీ గో రౌండ్ ద రోజెస్" మరో రెండు రకాలుగా పాడినవి అందులో కలిపారు. వరుసగా మూడూ వింటే ఒక పాప్ పాట వీళ్ల చేతిలో బ్లూస్ వైపు ఎలా ఒరుగుతూ పోయిందో తెలుస్తుంది.

ఈ ఐదుగురూ 1973 మొదట్లో విడిపోయారు. 2007లో బీబీసీ జానపద పురస్కారం అందుకోవడానికి మళ్లీ ఒక చోట చేరారు, 2008లో కచేరీలు చేశారు. జాన్ష్ 2011లో, రెన్‌బోర్న్ 2015లో పోయారు.

తనియావర్తనం

ఆదివారం నా శిష్యులకు "లైట్ ఫ్లైట్" వినిపించిన. ఆరుగురు పిల్లలు. ముందు చెప్పకుండ పెట్టిన. ఐదుగురు తప్పిన్రు. ఒక పిల్ల మాత్రం మూడో ఆవర్తనానికి తకతకిట తకిటతకధిమి అని పెదవులతోని అంటున్నది. తొమ్మిదేండ్ల పిల్ల. ఎట్ల తెలిసిందంటే, ఆమె పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో చూసిన సార్ అన్నది. నేను రెండు రోజులు గిటార్ల ఎంబడి పోయి లెక్క పెట్టిన. ఊపిరి ఎంబడి పోవాలని నాకు తోచలే.

పల్లెపదం

వారం తర్వాత వస్తున్నా. "హౌస్ కార్పెంటర్" విన్నా, చాలాసార్లు. ఒక ప్రయోగం కూడా చేశా. అది చెప్పి ఊరుకుంటా.

మా అమ్మకు 81. పాటలు నాకు మొదట చెప్పింది ఆమే. ఆమెకు ఈ పాట వినిపించా. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. సితార్ గురించి ఏమంటుందో చూద్దామని నా ఆశ. ఆమె దాన్ని పట్టించుకోనే లేదు. "ఈ పిల్ల అరవకుండా చెప్తాంది, ఏం చెప్తాంది?" అని అడిగింది.

కథ చెప్పా. ఒకామెకు ముందొకడితో మనసుంటుంది, వాడు సముద్రం మీద పోతాడు. ఆమె వడ్లాయన్ను, అంటే వడ్రంగిని, పెండ్లి చేసుకుంటుంది, బిడ్డ పుడుతుంది. ముందటివాడు తిరిగొచ్చి, నీ కోసం రాజు కూతుర్ని కూడా వద్దన్నా, నాతో రా అంటాడు. ఆమె బిడ్డకు ముద్దు పెట్టి ఓడెక్కుతుంది. కొన్నాళ్లకే బిడ్డను తలుచుకుని ఏడుస్తుంది. ఓడ మునుగుతుంది.

అమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత అడిగింది.

"పాలు తాగే బిడ్డనా?"

"అవునమ్మా."

"ఆ బిడ్డ ఏమాయ?"

పాటలో ఆ సంగతి లేదన్నా. నాకు తెలిసిన పాఠాల్లో ఎక్కడా లేదు. ఓడ మునగడంతో పాట అయిపోతుంది.

"లేకపోతే మనం ఏసుకోకూడదా?" అనింది.

పాటకు కొత్తది కలపకూడదని ఇరవై ఏళ్లుగా వాదిస్తున్నది నేను. ఆ పాటలన్నీ నాకిచ్చింది ఆమె. నా దగ్గర జవాబు లేదు.

నిన్న సాయంత్రానికి రెండు చరణాలు కట్టింది. వడ్లాయన తన చేత్తో ఊయల చేస్తాడు, ఓడ చేసిన మానుతోనే. మా రోకటి పాట వరుసలో పాడింది. ఆరుతీగలు తమ్ముడూ, దానికింద నీ గిటార్ శ్రుతి ఒకటి పట్టుకోగలవా? నాలుగున్నర శ్రుతిలో పాడుతుంది, మధ్యలో దగ్గొస్తే ఆగుతుంది.

ఆరుతీగలు

శనివారం పొద్దున బండికి బయల్దేరుతున్నా అన్నా. గిటార్ ఒక్కటే తెస్తాను. ఆమె దగ్గినప్పుడు నేనూ ఆగుతాను.